తగిలితే తగలనీ

మా అమ్మాయి కుస్తీ పడుతుంటే నేను ఒకచోట కూర్చోలేను. కుర్చీ వేసి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినా కాసేపే. లేచి హాలు బయటికొచ్చేసి గోడ పొడుగునా అటూ ఇటూ తిరుగుతాను. లోపల విజిల్ వినబడితే గుమ్మంలోంచి తల పెట్టి చూసి, ఇంకా అవలేదని తెలిస్తే మళ్ళీ తిరుగుతాను. కాలుకాలిన పిల్లివి అంటారు మావారు. ఆయనకేం, ముందు వరసలో కూర్చుని ఫోనులో వీడియో తీస్తూ, ఆ ఎరుపు డ్రెస్సు పిల్ల ఎవరో అడగనివాళ్ళకి కూడా చెబుతుంటారు.

అమలాపురంలో స్కూలు పిల్లల పోటీలు జరిగిన రోజు మాత్రం బయట కుండపోతగా వాన. తిరగడానికి చోటు లేక లోపలే ఉండిపోయాను. అందుకే ఆ సంగతి నా కళ్ళతో చూశాను. లేకపోతే ఈపాటికి నేనూ అందరిలాగే కళ్ళలో చెమట పడి ఓడిపోయిందనుకునేదాన్ని.

కుస్తీలోకి ఎలా వచ్చిందంటే, దానికి పెద్ద కథేం లేదు. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఖోఖో ఆటలో స్నేహితురాలికి మడమ బెణికింది. ఇది ఆ పిల్లని భుజాన వేసుకుని గ్రౌండు చివర నుంచి స్టాఫ్ రూమ్ దాకా మోసుకొచ్చి, ఆయాసం కూడా లేకుండా, ఎక్కడ దింపమంటారండీ అని అడిగిందట. ఆ సాయంత్రమే వాళ్ళ పీఈటీ మేష్టారు మామిడికుదురు దాటి మా ఊరు వెతుక్కుంటూ వచ్చారు. మా అత్తగారు ఆయనకి కాఫీ ఇచ్చి, కుస్తీ అనే మాట విన్నాక ఆ గ్లాసు ఎందుకిచ్చానా అన్నట్టు చూశారు. ఆయన మాట పూర్తి కాకుండానే నేను ఒప్పేసుకున్నాను. ఆలోచించి ఒప్పుకున్నానని చెప్పలేను. నా స్వభావమే అంత. ముందు ఆయ్ అనేస్తాను, కంగారు తరవాత పడతాను.

కంగారు బాగానే పడ్డాను. మోచేతులు గీరుకుపోయి వస్తే పడ్డాను, చెవి వాచి వస్తే పడ్డాను. కానీ సాయంత్రం బస్సు దిగి, సంచీ ఒక భుజాన వేసుకుని, రోడ్డు మధ్యలోంచి అది నడిచొచ్చే తీరు చూస్తే నాకు కడుపు నిండిపోయేది. మా ఇళ్ళలో ఆడపిల్లలు రోడ్డు వార నడుస్తారు. ఇది ఎప్పుడు మధ్యకి వచ్చిందో నాకు తెలియలేదు.

ఇంతకీ ఆ వాన రోజు. ఎదుటి అమ్మాయి రాజోలు వైపు పిల్ల, మా దానికంటే ఒక తరగతి పెద్ద. మ్యాట్ ఎక్కేముందు మా అమ్మాయి ఆ పిల్లని అక్కా అని పలకరించింది కూడా. పాయింట్లలో మనదే పైచెయ్యి. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని తోసుకుంటున్నారు. ఇంతలో మా అమ్మాయి కాలు వెళ్ళి ఆ పిల్ల పిక్కకి గట్టిగా తగిలింది. అంతే, పట్టు వదిలేసి, కుడిచేత్తో ఆ పిల్ల భుజాన్ని తాకి, ఆ వేళ్ళు తన కళ్ళకద్దుకుంది. కన్నుమూసి తెరిచేంత పని. ఎదుటి పిల్ల ఆ సందులోనే దీని రెండు కాళ్ళూ చుట్టేసి వెల్లకిలా పడేసింది. రెఫరీ విజిల్ వేశాడు.

మేష్టారు తువ్వాలు పట్టుకుని పరుగెత్తారు, కళ్ళలో చెమట పడిందేమోనని. చెమట కాదని నాకు తెలుసు. అది మా ఇంటి అలవాటు.

కాలు ఎవరికి తగిలినా, దేనికి తగిలినా, తాకి కళ్ళకద్దుకోవాలి. అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే, కానీ మా అత్తగారి దగ్గర అది మరీ గట్టి. పుస్తకానికి, చేటకి, చీపురుకి, బియ్యం కొలిచే తవ్వకి, దేనికైనా సరే. మనవరాలికి మాటలు రాకముందే ఆ పని వచ్చేసింది. కుక్కపిల్లకి కాలు తగిలినా వంగి తాకి కళ్ళకద్దుకునేది. కుక్కపిల్ల అదేదో ఆటనుకుని మళ్ళీ కాళ్ళ మధ్యకే వచ్చేది. ఇంటికొచ్చినవాళ్ళు ముచ్చటపడేవారు. నేనూ మురిసిపోయేదాన్ని.

ఆ సంగతి చెబితే మేష్టారు నమ్మలేదు. రోజూ ప్రాక్టీసులో అందరి కాళ్ళూ తగులుతూనే ఉంటాయి, ఎప్పుడూ చెయ్యలేదే అన్నారు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నేనే అడిగాను. తోటిపిల్లలైతే ఏమీ అనిపించదట. ఆ రోజు ఎదుట ఉన్నది అక్క కదా, చెయ్యి దానంతటదే వెళ్ళిపోయిందట. చెప్పి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఏడుస్తున్న పిల్ల మీద కోపం తెచ్చుకోకూడదు గానీ నాకు వచ్చింది. గెలిచే ఆట అది.

మర్నాడు మేష్టారే దారి చెప్పారు. కొత్తపేటలో జిల్లా సెలక్షన్లు ఉన్నాయి. అక్కడ గెలిస్తే రాష్ట్రం పోటీలకి వెళ్తుంది. లేకపోతే ఈ ఏడాదికి ఇంతే. వచ్చే ఏడాది పదో తరగతి, వాళ్ళ స్కూల్లో ఆ తరగతి పిల్లల్ని గ్రౌండు వైపు చూడనివ్వరు. నేనూ మా స్కూల్లో పదో తరగతికి పాఠాలు చెప్పేదాన్నే కాబట్టి ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తపేట వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దీనికంటే పెద్దపిల్లలే.

"పెద్దవాళ్ళ మీద అలవాటు చేయించాలండి," అన్నారు మేష్టారు. "నేనైతే కుదరదండి. ఇంట్లో మీరే నిలబడాలి మేడమ్ గారు."

ఆయ్ అన్నాను. కంగారు తరవాత.

మావారు నడుంనొప్పి అని తప్పుకున్నారు గానీ, ఏర్పాట్లు మాత్రం ఆయనవే. ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. పీచు మిల్లు నుంచి పొట్టు తెప్పించి, పెరట్లో మందంగా పరిచి, పైన టార్పాలిన్ లాగి నాలుగు మూలలా ఇటికలు పెట్టారు. నేను స్కూలు నుంచి వచ్చి, చీర మార్చి, పంజాబీ డ్రెస్సు చున్నీ నడుముకి బిగించి దాని మీద నిలబడేదాన్ని. నా బరువు ఎంతో ఇక్కడ రాయను. నన్ను పడెయ్యడం తేలిక కాదని మాత్రం చెబుతాను.

అది నా మెడ పట్టుకునేది, భుజం కింద దూరేది, బాగానే ఉండేది. కాలు వేసేసరికి అయిపోయేది. నా పిక్కకి దాని పాదం తగలడం, చెయ్యి కళ్ళ దగ్గరికి పోవడం. వద్దన్నకొద్దీ ఇంకా తొందరగా పోయేది. చేతులకి గుడ్డ కట్టి చూశాం. గుడ్డతోనే అద్దుకుంది. నన్ను అమ్మ అనుకోకే అన్నాను. మరి ఎవరనుకోను అంది. ఒకరోజు విసుగెత్తి, తన్నవే, గట్టిగా తన్ను నన్ను, అని అరిచాను. అది గోడ అవతలికి వినబడింది. రెండు రోజుల్లో ఊరంతా, టీచరమ్మ కూతురిచేత తన్నించుకుంటోందట అన్నారు.

అత్తగారు పెరటి వైపు కూర్చోవడం మానేశారు. కుర్చీ వీధి అరుగు మీదకి వేయించుకున్నారు. నాతో మాట కూడా తగ్గించారు. మా ఇద్దరికీ పొసగదని కాదు గానీ, పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఒకటంటే నేను ఒకటి అనకుండా ఉండలేను. ఆ రోజుల్లో అనడానికి ఆవిడ ఒక్కటీ మిగల్చలేదు. కూర తరుగుతున్న దగ్గర ఒక్కసారి మాత్రం అన్నారు.

"నువ్వు చెరిపేసేక మళ్ళీ నేర్పడానికి నేనుంటానా అమ్మాయ్?"

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? గెలుపు కోసం పిల్లకి ఉన్న ఒక మంచి గుణాన్ని ఊడబెరుకుతున్నానా అనిపించేది. కాదులే, ఆటలో మాత్రమే కదా, బయట ఉంటుందిలే అని సర్దుకునేదాన్ని. మళ్ళీ అంతలోనే, చెయ్యి అలా విడివిడిగా గుర్తుపెట్టుకుంటుందా అని భయం. క్లాసులో ఒక పిల్లాడు పుస్తకం కింద పడేసి, తీసి కళ్ళకద్దుకుంటే చూడలేక బోర్డు వైపు తిరిగిపోయాను. ఇంటికెళ్ళి మాత్రం మళ్ళీ చున్నీ బిగించాను.

కొత్తపేట ప్రయాణం రేపనగా సాయంత్రం కూడా ఏమీ మారలేదు. కాలు, చెయ్యి, కళ్ళు. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపే అది టార్పాలిన్ మీద చతికిలబడింది.

"నా చెయ్యి నా మాట వినట్లేదమ్మా," అంది.

అప్పుడు వెనక నుంచి కుర్చీ జరిపిన చప్పుడైంది. అత్తగారు ఎప్పుడొచ్చారో, వంటింటి గుమ్మంలో కూర్చుని చూస్తున్నారు. మనవరాల్ని దగ్గరికి పిలిచారు.

"రేపు బయల్దేరేముందు నా కాళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకో," అన్నారు. "నీ కాలు తగిలేవాళ్ళందరికీ అదే. రోజంతటికీ సరిపోద్ది. ఇంక తగిలితే తగలనీ."

"కొత్తపేటలో వాళ్ళకి ఇక్కడ దణ్ణం పెడితే సరిపోద్దా మామ్మా?"

"పెద్దదాన్ని, నేను చెబుతున్నాను కదా. ముందు మీ అమ్మకి తగిలేదానికి ఇప్పుడే పెట్టెయ్."

అది వంగి ఆవిడ పాదాలు తాకి కళ్ళకద్దుకుని వచ్చింది. ఇలాంటి లెక్కలు ఇంకెవరైనా చెబితే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ పూట నోరు మూసుకుని మెడ వంచి నిలబడ్డాను. కాలు వేసింది. నేను వీపంతా ఒక్కసారిగా టార్పాలిన్‌కి కొట్టుకునేలా పడ్డాను, ఊపిరి ఆగినంత పనైంది. పడి పైకి చూస్తే దాని చెయ్యి సగం దాకా లేచి ఆగి ఉంది. అలవాటు పోయిందో, పోలేదో చెప్పలేని చోట ఆగింది. దెబ్బ తగిలిందా అమ్మాయ్ అని అత్తగారు నన్ను అడిగి, జవాబు వినకుండానే లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న చెప్పినట్టే అయింది. మనవరాలు వంగితే ఆవిడ దాని తల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. బస్సు వెళ్ళిపోతుందని నేనే తొందరపెట్టాల్సి వచ్చింది. అమలాపురంలో మారి, రావులపాలెం బస్సెక్కి కొత్తపేటలో దిగాం. దారిపొడుగునా అరటిగెలల వ్యానులు అడ్డం. నేను ప్రతి వ్యానునీ తిట్టుకున్నాను.

మొదటి రెండు ఆటలూ గెలిచింది. కానీ కాలు అసలు వాడలేదు. చేతులతోనే లాగి, తోసి, మ్యాట్ బయటికి నెట్టి ఎలాగో గెలిచింది. చెయ్యి కళ్ళకి పోతుందన్న భయంతో కాళ్ళు కట్టేసుకుంది. ఫైనల్లో ఇలా కుదరదని మేష్టారు తల పట్టుకున్నారు. ఫైనల్ పిల్ల పొడుగరి, పై తరగతి, నవ్వుతూ అందరితో మాట్లాడుతోంది. చూడగానే అక్కా అనాలనిపించే మొహం.

ఆట మొదలవగానే బయటికొచ్చేశాను. లోపల నుంచి మేష్టారి గొంతు వినబడుతూనే ఉంది. కాలు, కాలు వెయ్యమ్మా అంటున్నారు. ఆ గొంతులో ఓడిపోతున్న సంగతి తెలిసిపోయింది. తిరగలేకపోయాను. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను, ఈసారి వెనక్కి పోలేదు.

మా అమ్మాయి వెనకబడి ఉంది, టైము అయిపోవస్తోంది. ఆ పొడుగమ్మాయి దీన్ని మీద నుంచి అదిమి తోస్తోంది. అప్పుడు వేసింది కాలు. లోపలి నుంచి మెలేసి లాగింది. ఆ పిల్ల ఒరిగింది, ఇద్దరూ కలిసే పడ్డారు. నేను కాళ్ళు చూడలేదు, చెయ్యి చూస్తున్నాను. కుడిచెయ్యి పట్టు వదిలి పైకి లేచింది. అయిపోయింది అనుకున్నాను.

ఆ చెయ్యి కళ్ళ దాకా రాలేదు. ఆ పిల్ల మెడ కిందకి దూరి బిగిసింది. రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనాయి. రెఫరీ చేత్తో మ్యాట్ మీద కొట్టి విజిల్ వేశాడు.

నేను ఏడ్చాను. గర్వంతోనే ఏడ్చాను, అందులో అనుమానమేం లేదు. నా బిడ్డ కాలు ఒకరికి తగిలిందని, అది కళ్ళకద్దుకోలేదని సంతోషపడే రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. మావారు వీడియో తియ్యడం మర్చిపోయి నిలబడి ఉన్నారు.

అత్తగారికి ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తారు. గెలిచిందా అని అడగలేదు.

"తగిలిందా?" అన్నారు.

"తగిలిందండి అత్తయ్యగారు."

"చెయ్యి?"

"కళ్ళకి పోలేదండి. గెలిచింది."

ఆయ్ అన్నారు, నెమ్మదిగా. ఆ పడిపోయిన పిల్లకి దెబ్బలేం తగల్లేదు కదా అని అడిగారు. లేదన్నాను.

"ఇంక నాకు కాలు తగిలినా అద్దుకోదేమోలే," అన్నారు. "పర్లేదు. గెలిచింది కదా."

అంటే ఆ గుమ్మంలో కూర్చుని తగలనీ అన్నప్పుడే ఆవిడకి ఈ సంగతి తెలుసు. తెలిసే ఒప్పుకున్నారు. లోపల మైకులో మా అమ్మాయి పేరు పిలుస్తున్నారు, నేను వెళ్ళాలి, కానీ ఫోను పెట్టెయ్యలేకపోయాను.

"అది మీ పెంపకమండి అత్తయ్యగారు," అన్నాను.

ఆ మాట ఆవిడతో అనడం నాకు అదే మొదలు.