ఇంట్ల ఎవరెవరు ఉంటరు?

మీర్‌పేట్‌ల మేం కిరాయికున్న ఇంటి పక్క పోర్షన్ల ఒక మేస్త్రీ కుటుంబం ఉండేది. ఆ వానకాలం మేస్త్రీ తల్లి దవాఖానల చనిపోయింది. శవాన్ని అంబులెన్సుల తెచ్చేసరికి మా ఓనరు గేటుకు తాళమేసి నిలబడ్డడు.

"కిరాయి ఇంట్లకు శవాన్ని ఎట్ల తెస్తరు? రేపు అండ్ల ఎవరు దిగుతరు?" అన్నడు.

ఆమెను రోడ్డు మీద, పాల దుకాణం రేకు కింద పండబెట్టిన్రు. జల్లు కొడుతుంటే కోడలు కొంగుతోని ఆమె మొఖం తుడుస్తనే ఉన్నది. మా బాపు కిటికీల నుంచి అంతా చూసిండు. ఆ పూట అన్నం ముట్టలే.

బాపు చానా ఏండ్లు కంకర మిషన్ కాడ పనిచేసిండు. ఊపిరితిత్తుల నిండ దుమ్ము పేరుకున్నదని, ఇగ బాగవ్వదని డాక్టర్లు చెప్పిన్రు. నాకు అన్నదమ్ములు లేరు. అమ్మ పోయినంక బాపును నా ఇంటికే తెచ్చుకున్న. మా ఆయన ఏసీలు రిపేర్ చేస్తుండె, నేను దిల్‌సుఖ్‌నగర్‌ల బట్టల దుకాణంల పనిచేస్తుంటి. మాకొక చిన్న పాప.

మేస్త్రీవాళ్లు ఖాళీ చేసిపోయినంక ఓనరు మా గడపల నిలబడి, వచ్చే నెల నుంచి కిరాయి డబల్ అన్నడు. నాతోని మాట్లాడుతున్నడు గని, చూపు మంచం మీది బాపు మీదనే ఉన్నది. పెంచుడు కాదు, పొమ్మనుడని నాకు సమజైంది.

భూముల ధరలు ఉరుకుతున్న రోజులవి. బస్సుల కూసున్నా, చాయ్ తాగుతున్నా ప్లాట్ల ముచ్చటనే. మాకు పట్నంల దొరకదని సాగర్ రోడ్డు పట్టినం. తుర్కయాంజాల్‌ల షేర్ ఆటో దిగి గల్లీ గల్లీ తిరిగినం. ఇల్లు నచ్చేది, కిరాయి కుదిరేది. అప్పుడు అడిగేటోళ్లు, "ఇంట్ల ఎవరెవరు ఉంటరు?" అని. బాపు సంగతి చెప్పంగనే మొఖాలు మారేటివి. ఒకామె వంటిల్లు కూడ చూపించినంక, "మా ఆడబిడ్డ కొడుకు దిగుతడట, మర్చేపోయిన" అన్నది. ఇంకొకాయన మొఖం మీదనే చెప్పిండు, "రోగమున్నోళ్లను పెట్టుకోం."

"ఈసారి బాపు సంగతి చెప్పకు. సామాను దించినంక చూసుకుందాం" అన్నడు మా ఆయన.

"దించినంక ఎల్లగొడితే?"

మెల్లగనే కొట్లాడుకున్నం. మాకు, బాపుకు నడుమ ఉన్నది ఒక్క పరదనే. అటుదిక్కు దగ్గు ఆగిపోయింది. పోయి చూస్తే బాపు తువ్వాల నోట్ల కుక్కుకొని ఉన్నడు. కండ్లు ఎర్రగైనయ్.

అట్ల జరుగుకుంట జరుగుకుంట ఇబ్రహీంపట్నం దాక పోయినం. అక్కడ ఒక పెద్దమ్మ దొరికింది. పొలంల కొంత అమ్మి, ఆ పైసలతోని ఇంటి పక్కన కొత్తగ రెండు పోర్షన్లు కట్టించింది. నేను ఏదీ దాయలే. "మా బాపుది అంటుకునే రోగం కాదు. గని బాగయ్యేది కూడ కాదు" అన్న. "ఉండుర్రి. నా కొడుక్కు నేను చెప్పుకుంట" అన్నది.

ఆమె కొడుక్కు చెప్పలేదని సామాను తెచ్చిన దినం తెలిసింది.

ట్రాలీ ఆటో గేటు ముందల ఆగింది. డ్రైవర్ పక్క సీట్ల బాపు దగ్గుతున్నడు. ఆమె కొడుకు వచ్చి, బైకును గేటుకు అడ్డం పెట్టిండు.

"కొత్త ఇల్లు అక్కా. ఏమన్న అయితే మూడు నెలలు మూసుకోవాలె. మల్ల ఎవ్వరూ రారు. మీరే చెప్పుర్రి, నేనేం చెయ్యాలె?"

మీర్‌పేట్ ఇంటికి అప్పటికే కొత్తోళ్లు వచ్చిన్రు. ఎనుకకు పోవడానికి మాకు జాగ లేదు. బాపు ట్రాలీ చెక్క పట్టుకొని దిగిండు.

"కొడుకా, వీళ్లను ఉండనియ్. నేను దవాఖానల పడుంట."

"నువ్వు మాట్లాడకు బాపూ" అన్న. "తమ్మీ, ఇప్పుడే చెప్తున్న. మా బాపుకు ఏదన్న అయితే నేను ఈ ఇంట్లకే తెస్త. రోడ్డు మీద పండబెట్ట. నువ్వు ఒప్పుకుంటేనే సామాను దించుతం."

మా ఆయన నా చెయ్యి గట్టిగ పిసికిండు. ఆపమని.

"గట్లయితే పోర్రి" అన్నడు అతను.

ఆటో డ్రైవర్ తనకింకో గిరాకి ఉన్నదని ఇంజన్ స్టార్ట్ చేసిండు. అప్పుడు కొట్టం దిక్కు నుంచి పెద్దమ్మ వచ్చింది, చేతులకు పేడతోని.

"బండి తియ్" అన్నది కొడుకుతోని.

"నీకు తెల్వదే అమ్మా."

"ఆ మనిషి నిలబడలేకపోతున్నడు. ముందు కూసోనియ్. ఎనుక నాతోని కొట్లాడు."

అతను కదలలే. ఆమెనే బైకును నూకింది. అది పక్కకు పడి అద్దం పలిగింది. అతను తల్లి దిక్కు చూసిండు, బైకు లేపుకొని ఎల్లిపోయిండు.

సామాను దించినం గని భయం దిగలే. అతను మాతోని మాట్లాడకపోయేది. బైకు చప్పుడైతే చాలు, బాపు తువ్వాల అందుకునేటోడు. ఒకనాడు పెద్దమ్మ వాకిట్ల నుంచే కేకేసింది. "ఎందుకన్నా ఆపుకుంటవ్? దగ్గు. గోడలేం పడవ్." బాపు నవ్వబోయి దగ్గిండు, దగ్గు ఆగినంక నవ్విండు.

రెండో వానకాలంల ఒక పొద్దుగాల, చాయ్ గిలాస చేతుల ఉండంగనే బాపు పానం పోయింది. నాకు ముందు ఏడుపు రాలే. గేటు దిక్కు చూసిన. పెద్దమ్మ కొడుకు వచ్చి, గడపల నిలబడి చూసి, బైకెక్కి పోయిండు. ఎల్లగొట్టేటందుకు మందిని తెస్తడనుకున్న. మా ఆయన తలుపు కాడ నిలబడ్డడు. నేను బాపు చెయ్యి ఇడువలే.

అతను ఎంట తెచ్చింది టెంట్ హౌస్ వాళ్లను. "మొగులు పట్టింది, వానొచ్చేటట్టున్నది. వాకిట్ల షామియానా ఏపిస్తున్న" అన్నడు మా ఆయనతోని. నా దిక్కు చూడలే. బాపును ఆ వాకిట్ల నుంచే సాగనంపినం.

దినాలైనంక, చావైన ఇల్లు మూడు నెలలు మూసిపెట్టాలెనని అతనే వచ్చి చెప్పిండు. పెద్దమ్మ వాని మీదికి లేవబోతే నేనే వద్దన్న. పక్కనున్న శేరిగూడల కాలేజీ పోరగాండ్లు ఖాళీ చేసిన గది దొరికితే అండ్ల ఉన్నం. గడువు అయిపోయినంక పెద్దమ్మనే వచ్చింది. "సున్నం ఏపిచ్చిన. రార్రి" అన్నది.

పోయినం. మా పాప పదో తరగతి ఆ ఇంట్లనే పాసైంది.