వామి తూర్పు కొస

మా అమ్మకు చేతి పని అంతా కంటి గురుతుల మీద నడిచేది. ఉప్పు జాడీ ఎక్కడుందని అడిగితే చెప్పలేకపోయేది. వంటింటి గుమ్మంలో నిలబడి కిటికీ వైపు ఒక్కసారి చూసిందంటే మాత్రం చెయ్యి దానంతటదే వెళ్ళి జాడీ మీద పడేది. కంటికి ఒక ఆనవాలు చిక్కితే చాలు, మిగతాది ఒళ్ళు చూసుకుంటుందని నాకు ఆవిడను చూశాకే తెలిసింది. ఆ ఆనవాలు మోసం చేస్తే ఏమవుతుందో యుద్ధకాలంలో, బాంబులు పడతాయని బందరు సగం ఖాళీ అయిన వేసవి తరవాత తెలిసింది.

అప్పటికి నాకు పెళ్ళీడు వచ్చిందని ఇంట్లో అందరూ అంటుండేవారు. నాకు తప్ప ఆ మాట అందరికీ ఇష్టమే.

నాన్నగారు కోర్టులో గుమాస్తా. సముద్రం పక్కన కూర్చుని చావమంటారా అని కేకలేసి, మమ్మల్ని గుడివాడకు బయల్దేరదీశారు. రైల్లో దొంగల భయం కాబట్టి వెండి ముక్క కూడా వెంట రాకూడదని శాసించారు. దాంతో అమ్మ పెరట్లో గొయ్యి తీసి, మా తమ్ముడి కాలి కడియాలు చిన్న కుండలో పెట్టి పాతింది. వాడు ఏడాది నిండకుండానే జ్వరంతో పోయాడు. వాడికి ఫొటో లేదు. ఆ కడియాలు తప్ప వాడిదంటూ ఇంట్లో ఏమీ మిగల్లేదు.

పాతిన చోట రాయి పెడితే దొంగకు దారి చూపినట్టే. అందుకని అమ్మ కంటితోనే గురుతు పెట్టుకుంది: పెరటి గుమ్మానికీ, గడ్డివామి తూర్పు కొసకీ సరిగ్గా నడుమ. గేదెను పక్కింటి పిన్నిగారికి అప్పగించాం. బాంబు పడితే పడనీ, ఈ వయసులో ఊరు వదలనని ఆవిడ భీష్మించింది.

గుడివాడ అద్దింట్లో అన్నీ తారుమారు. కిటికీ అటుది ఇటొచ్చింది. అమ్మ కిటికీ చూసి చెయ్యి చాపితే ఉప్పుకు బదులు గోడ తగిలేది. రోజూ తగిలేది, రోజూ విసుక్కునేది. వంటింట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి వంటింట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగేది. కూర్చోమంటే కూర్చునేది, మరుక్షణం లేచేది. ఆవిడను చూసి నాకూ ఒకచోట కాలు నిలిచేది కాదు. ఒక మధ్యాహ్నం నా భుజం పట్టుకుని ఆపింది.

"వాడి మొహం గుర్తు రావట్లేదే. ఇంటి దగ్గర పెట్టె తీసి కడియాలు చూసుకుంటే వచ్చేవాడు. ఇక్కడ ఎంత తలుచుకున్నా రావట్లేదు. ఇంకొన్నాళ్ళయితే మొత్తానికే పోతాడేమోనే."

నాకు భయం వేసింది. ఆ భయంతో నాన్నగారి మీద కోపం తెచ్చుకున్నాను.

వానలు పట్టాక బాంబుల మాట సద్దుమణిగింది. బందరు తిరిగొచ్చాం. నాన్నగారు ఇంటి తాళం తీసేదాకా కూడా ఆగకుండా అమ్మ పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళింది. గుమ్మం చూసింది, వామి చూసింది, తడబడకుండా నడిచి ఒకచోట ఆగి తవ్వింది. ఏమీ లేదు. పక్కన తవ్వింది. అక్కడా లేదు. మర్నాటికి పెరడు దున్నిన మడిలా తయారైంది.

"కొండను తవ్వి ఎలకను పట్టినట్టుంది" అన్నారు నాన్నగారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. గోడ అవతలికి వినపడేలా, "ఊళ్ళో ఉన్నవాళ్ళకు తెలియకుండా ఎవరు తవ్వుకుపోతారు?" అని కూడా అన్నారు. పిన్నిగారు గేదెను తోలుకొచ్చి మా పాకలో కట్టేసి వెళ్ళిపోయింది. అమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

ఆ సాయంత్రం గేదెకు మేత వెయ్యడానికి నేను వామి దగ్గరికి వెళ్ళాను. పిన్నిగారి గోడ వైపున్న తూర్పు కొసనుంచి రెండు చేతులా గడ్డి లాగుతుంటే, కాలికింద మెత్తగా ఎత్తు తగిలింది. కలుపు మొక్కలు పీకి చూశాను. వామి వేసేముందు అడుగున పోసే మట్టి దిబ్బ అది. వామిని దాటి తూర్పుకు ఇంకా చాలా దూరం పోయింది. మేం లేనన్నాళ్ళూ పిన్నిగారు గేదెకు అటునుంచే గడ్డి లాగింది. కొస పడమటికి జరుగుతూ వచ్చింది.

గడ్డి తింటే వామి తరుగుతుందని మా ఇంట్లో తెలియనివాళ్ళెవరు? కానీ కన్ను నమ్ముకున్న గురుతు కదులుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

"అమ్మా! నువ్వు పొరబడలేదే, వామి జరిగింది!" అని అరిచాను. దిబ్బ తూర్పు అంచున నేనే నిలబడి, "కొస ఇదీ. నన్ను చూసి రా" అన్నాను. అమ్మ పెరటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తూ నడిచింది. నడుమకు వచ్చి ఆగింది. గునపం రెండోపోటుకు కుండ పెంకు టక్కుమంది.

నాన్నగారు కండువా సర్దుకుని, "పిన్నిగారూ, కాస్త మజ్జిగ ఉందాండీ?" అంటూ పిన్నిగారింటికి వెళ్ళారు. తప్పయిందన్న మాట ఆయన నోట ఏనాడూ రాదు. అవసరం పడితే మజ్జిగ అడుగుతారు.

అమ్మ కడియాలు కొంగుతో తుడిచి అరచేతిలో పెట్టుకుంది.

"గుర్తొచ్చాడా?" అని అడిగాను.

"పాదాలొచ్చాయే. మొహం రాలేదు."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఏడవలేదు. నూతి పక్కన చతికిలబడి, పసిపిల్లలకు నీళ్ళు పోసేటప్పటిలా రెండు కాళ్ళూ బారజాపింది. కడియాలు రెండూ తన పొట్టకు దగ్గరగా, తొడల మీద పెట్టుకుంది. పిల్లవాడి పాదాలు ఉండేది అక్కడే. వాటిని చూసి, అక్కణ్ణించి నెమ్మదిగా చూపు మోకాళ్ళ మీదుగా జరుపుకుంటూ, పిల్లవాడి తల ఆనే తన చీలమండల దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఆగింది. చాలాసేపు అక్కడే చూసింది.

తరవాత చూపు తిప్పకుండానే, నీళ్ళచెంబు కోసం నావైపు చెయ్యి చాపింది. నేను అందించాను.