గిన్నె మూత తీసిన సకీనా బీ

ఒక కార్యాలయానికి పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండింటికీ పోస్టాఫీసు రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కసారే వచ్చింది, అదీ ఒక్క వాక్యం: "మీ ఉత్తరం అందినది." ఈ ఉదయం పన్నెండోది మొదలుపెడుతుంటే పక్కింటి వంటగదిలోంచి జొన్నరొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, శామీర్‌పేట దగ్గరి ఒక పల్లె, మట్టిపొయ్యి ముందు గొంతుక్కూర్చుని, కొంగుతో పట్టి గిన్నె మూత ఎత్తుతున్న సకీనా బీ కళ్లకు కడతారు. అందుకని ఆ కార్యాలయం వాళ్లను కాసేపు పక్కన పెట్టి, ముందు ఆవిడెవరో మీకు చెబుతాను. వాళ్లెలాగూ చదవరు. మీరైనా చదవండి.

తొంభైల మధ్యలో నేను గుంటూరు వైపు నుంచి వచ్చి మేడ్చల్‌లో అద్దెకుంటూ ఒక పోషకాహార సర్వేలో చేరాను. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, నిన్న ఎవరెవరు ఏం తిన్నారో అడిగి ఫారం నింపడం నా పని. ఇళ్లు చూపించడానికి సకీనా బీని పెట్టారు. భర్త పండించే ఆకుకూరలు గంపలో పెట్టుకుని ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అమ్మేవారు కాబట్టి ఆవిడకు తెలియని వంటిల్లు లేదు. మొదటివారం నా ఫారాలు ముత్యాల్లా ఉండేవి. ఒక్క గడి ఖాళీ లేదు. ఆ కట్టను చూసి ఆవిడ అడిగారు.

"అందరు తిన్నరా సార్?"

"తిన్నారు. రెండు పూటలా."

"మంచిగుంది. గట్లైతే ఇగ మనమెందుకొచ్చినం?"

నాకు ఒళ్లు మండింది. నన్నొక మాటంటే ఏళ్లు గడిచినా మరచిపోను, అది నా స్వభావం. జీవితంలో నేను క్షమించిన ఎత్తిపొడుపు అదొక్కటే. ఎందుకంటే ఆ వెంటనే, "ఆడోళ్లను ఏమని అడుగుతున్నవ్?" అన్నారు. "ఏముంది, అమ్మా తిన్నావా అని," అన్నాను. ఆవిడ నెత్తి కొట్టుకున్నారు.

"తిన్నవా అంటె తిన్న అనే అంటరు బేటా. తినలే అంటె నువ్వు పరేషాన్ గావా? ఇంటికొచ్చినోని ముంగట ఆకలైతాంది అని ఎవ్వలన్న ఇజ్జత్ తీస్కుంటరా?"

మా ఇంట్లోనూ అంతే. కడుపు కాలుతున్నా, ఎవరైనా "భోజనమైందా?" అంటే "అయిందండీ" అనే పెంచారు మమ్మల్ని. అది మర్యాద. ఆ మర్యాదనే నేను వారం రోజులుగా కూడికలు వేసి, తిండి అనుకుని ఫారాల్లో రాస్తున్నానన్నమాట.

నన్ను వెంటబెట్టుకుని ఎల్లవ్వ అనే ఆమె ఇంటికి మళ్లీ వెళ్లారు. అంతకుముందు రోజే ఆమె నాకు "తిన్న సార్" అని చెప్పింది.

"ఎల్లవ్వా, పొద్దుగాల ఏం వండినవ్?"

"గటక వండిన ఖాలా." జొన్న సంకటిని అక్కడ గటక అంటారు. సకీనా బీని అందరూ ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవారు.

"ఎవ్వలెవ్వలికి వెట్టినవ్?"

"ఆయినకు, పిల్లలకు, అత్తకు."

"ఆఖర్న నువ్వు గూసున్నప్పుడు గిన్నెల ఏం మిగిలింది?"

ఎల్లవ్వ నవ్వింది. సకీనా బీ వంగి మూత తీశారు. అడుగున నల్లటి మాడు, దాని మీద గీరిన గీతలు. "సల్ల గలుపుకొని తాగిన తియ్యి," అంది ఎల్లవ్వ, ఏదో తప్పు చేసినట్టు. నా ఫారంలో ఆమె పేరు పక్కన రెండు పూటలా కడుపునిండా తిండి ఉంది.

ఈ సంగతి మా అధికారికి చెబితే ఆయన నవ్వాడు. "పొయ్యి దగ్గర ముచ్చట్లు డేటా కాదయ్యా. ఆవిడ చెప్పిందని ఫారాలు మారుస్తామా?" అప్పుడే గదిలో అందరికీ టీ వచ్చింది, సకీనా బీకి రాలేదు. నా గ్లాసు ఆవిడకు ఇవ్వబోతే, "నేను తాగిన బేటా," అన్నారు. పొద్దుటి నుంచి ఆవిడ నా పక్కనే ఉన్నారు. ఏమీ తాగలేదని నాకు తెలుసు.

ఆ టీ నేను మరచిపోలేదు. పై అధికారికి ఫిర్యాదు రాశాను, వినకపోతే మళ్లీ రాశాను. చివరికి నా పోరు పడలేక ఒక త్రాసు ఇచ్చి పంపారు. వండకముందు గింజలు తూచాం. వండాక, వడ్డించేటప్పుడు, ఆఖరి మనిషి తిన్నాక కూడా తూచాం. ఇంటింటా అదే కథ. కాగితం మీద తిన్న ఆడవాళ్లు త్రాసు మీద తినలేదు. అప్పుడు నవ్విన ఆ అధికారే మా కొత్త లెక్కలు రెండుసార్లు తిరగేసి, పాత ఫారాల కట్ట మీద ఎర్రగీత కొట్టాడు. "మళ్లీ అడగండి. ఆవిడ ఎలా అడిగిందో అలాగే," అన్నాడు. నాకు అరుగెక్కి అరవాలనిపించింది. సకీనా బీ మాత్రం నా చెవిలో, "సార్‌కు చాయ్ జెప్పు బేటా, మొఖం మాడింది," అన్నారు.

కొన్నేళ్లకు గుండ్లపోచంపల్లి దగ్గర కాలనీలో ఇల్లు కట్టుకున్నాను. రెండువేల సంవత్సరం దాటేసరికి కాలనీకి ఒక "బలం పౌడరు" వచ్చింది. అసోసియేషన్ సెక్రటరీ గారే అమ్మేవారు. మా ఆవిడ విజయకు రక్తం తక్కువగా ఉందని డాక్టరు పరీక్ష చేసి ఐరన్ మాత్రలిచ్చారు. ఆమె వాటిని మానేసి పౌడరు తాగడం మొదలుపెట్టింది. నేనెంత మొత్తుకున్నా, "మీకు అన్నీ తప్పులే కనిపిస్తాయి," అనేది. వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున కాలనీ మీటింగులో సెక్రటరీ గారు అడిగారు: "వేసవిలో మొదలుపెట్టాం కదండీ, ఎంతమందికి బలం వచ్చింది? చేతులెత్తండి, మొహమాటపడకండి!" చేతులన్నీ లేచాయి. విజయదీ లేచింది.

అక్కడే మొదటిసారి సకీనా బీ పాఠం పూర్తిగా నాకు అర్థమైంది. మధ్యాహ్నానికల్లా శామీర్‌పేట వెళ్లి, దారిపొడుగునా సంగతంతా చెబుతూ ఆవిడను ఆటోలో తీసుకొచ్చాను. సాయంత్రం అందరినీ మళ్లీ కూర్చోబెట్టాను. ఆవిడ లేచి ఒక్కటే అన్నారు: "అమ్మా, మీ డబ్బలు జర తెండ్రి."

డబ్బాలు వచ్చాయి. ఆవిడ ఒక్కొక్కటే మూత తీశారు. కొన్ని నిండుగా ఉన్నాయి. కొన్నింట్లో రెండు చెంచాల గుంత తప్ప ఏమీ తగ్గలేదు. ఒకదాంట్లో ఆవాలు పోసి ఉన్నాయి. హాలంతా నవ్వు. సెక్రటరీ గారు ముఖం ముడుచుకుని, "సరే, తాగినవాళ్లకైతే వచ్చింది కదండీ?" అన్నారు. వస్తూ గేటు దగ్గర పేరడిగి పలకరించిన వాచ్‌మన్ యాదగిరి గుమ్మంలో నిలబడి ఉంటే, సకీనా బీ అతని వైపు తిరిగారు.

"ఏం యాదగిరీ, నువ్వు తాగినవా?"

"లే ఖాలా. నాకు ఎవలిచ్చిండ్రు?"

"ఎండకాలం ఎట్లుంటివి, గిప్పుడెట్లున్నవ్?"

"ఎండలకు మస్తు నీరసముండె. వానలు వడ్డంక నాకు గుడ బలమొచ్చింది!"

ఆ నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. తాగినవాళ్లకేమైందో అడగడం సగం పనే. తాగనివాళ్లకేమైందో కూడా అడగాలి. ఈ మాట పెద్ద చదువులు చదివినవాళ్లు పెద్ద పుస్తకాల్లో రాస్తారు, ఆవిడ వాచ్‌మన్‌ను పలకరించి తేల్చేశారు. నేను గెలుపు మత్తులో "డబ్బా మందులన్నీ మోసమే!" అని అరిస్తే, నన్ను కూడా వదల్లేదు. "ఏంది బేటా గా మాట? విజయమ్మ గోలీలు డాక్టర్ రక్తం జూసి ఇచ్చిండు. మల్ల రక్తం జూస్తడు. గది వేరు, గిది వేరు." విజయ మర్నాటి నుంచి మాత్రలు వేసుకుంది. తర్వాతి పరీక్షలో రక్తం పెరిగింది. ఇది కూడా ఆమె మాట మీద కాదు, పరీక్ష కాగితం చూసే నమ్మాను.

ఇక ఉత్తరాల సంగతి. సర్వే నివేదిక అచ్చయినప్పుడు తెలుగు ప్రతి పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. "ఆఖరున గిన్నెలో ఏం మిగిలింది?" అన్న ప్రశ్న అందులో ఉంది, దాన్ని రూపొందించినవారిగా అధికారి పేరు ఉంది. ఆవిడ గురించి "ఒక స్థానిక సహాయకురాలు" అని మాత్రమే ఉంది. ఆవిడకు చదువు రాదు. చేతులు కడుక్కుని వచ్చి పుస్తకం అందుకున్నారు.

"నా పేరు వడ్డదా బేటా?"

"పడింది ఖాలా," అన్నాను.

"ఏడ?"

ఆవిడ వేలు పట్టుకుని ఆ "సహాయకురాలు" మీద పెట్టాను. ఆవిడ చాలాసేపు వేలు తీయలేదు. "తిన్న" అన్నంత సులువుగా వచ్చింది నా నోటి నుంచి ఆ అబద్ధం. ఆవిడ పోయి ఏళ్లయింది. దాన్ని నిజం చేసే పని నా మీద ఉంది. అందుకే ఆ నివేదిక వేసిన కార్యాలయానికి ఈ ఉత్తరాలు.

ఇవాళ్టికీ నేను ఎవరినీ "తిన్నావా?" అని అడగను. ఏం వండారని అడుగుతాను, ఆఖరున ఎవరు కూర్చున్నారని అడుగుతాను. ఏ డబ్బా మీద ఏం రాసి ఉన్నా మూత తీసి చూస్తాను. అయ్యా, ఆ కార్యాలయంలో కూర్చున్న మీకు కూడా ఇప్పుడు అదే పద్ధతిలో రాస్తున్నాను. "మీ ఉత్తరం అందినది" అని మళ్లీ రాయకండి, అది "తిన్న" లాంటి మాట. ఆ ప్రశ్న మొదట అడిగింది ఎవరు? సకీనా బీ అన్న పేరు ఆ పేజీలో ఎప్పుడు వేస్తారు? మూత తీసి జవాబు చెప్పండి.