టాయిన్‌బీకి ముందు మా ఇంటిపేరు

మా నాన్న పేరు యేసుదాసు టాయిన్‌బీ. మతిమరుపు జబ్బు ముదిరాక ఆయన రోజూ ఒకటే అడుగుతున్నాడు: "మన ఇంటిపేరేటి?" టాయిన్‌బీ అంటే తల అడ్డంగా ఊపి ఏడుస్తాడు. శ్రీకాకుళం నుంచి మలేషియాకి తోట పనికి వచ్చిన మా తాతకి బాప్తిస్మం ఇచ్చిన పాదిరి దొర, తన పుస్తకాల అరలో కనబడిన పేరొకటి తగిలించాడట. ఆ ఇంటిపేరుతో ఇంగ్లండులో గొప్ప చరిత్రకారులు, సంఘ సంస్కర్తలు ఉన్నారు. నెట్‌లో వెతికితే వాళ్ల తాతముత్తాతలంతా దొరుకుతారు. మా ముత్తాత పేరు మాత్రం మాకే తెలియదు. అందుకే మొన్న శనివారం, తాత పనిచేసిన ఎస్టేటున్న తెలుక్ ఇంటాన్‌కి బయల్దేరాను.

నేనుండే సైబర్‌జయలో ఉదయం ఆరున్నరకి ఎంఆర్‌టీ రైలెక్కి, కౌలాలంపూర్‌లో బస్సు పట్టుకున్నాను. టికెట్ ముప్ఫై రింగిట్లు, ప్రయాణం మూడు గంటల పైనే. అక్కణ్నుంచి ఎస్టేటుకి రానూపోనూ ఎనభైకి కారు మాట్లాడుకున్నాను. తమిళ డ్రైవరు నా పేరు విని, "వెళ్ళక్కారన్ పేరు లా!" అని నవ్వాడు. తెల్లవాడి పేరని; చివరి 'లా' ఇక్కడందరికీ ఊతపదం. నాకు నవ్వు రాలేదు. చర్చి కాపలాదారు పాత రిజిస్టర్లను చెదలు తినేశాయని చెప్పి, కూలీల లైన్ ఇళ్లలో మిగిలిన సారమ్మవ్వ దగ్గరికి పంపాడు.

నా ముఖం చూస్తూనే అవ్వ, "ఏసుదాసు కూతురివా?" అంది. వచ్చిన పని చెప్పాను.

"మళ్లీ ఏటమ్మా? మీ నాన్న వచ్చినాడు గదా. మా ఆయన సెప్పినాడు, మీ నాన్న కాయితమ్మీద రాసుకున్నాడు లా."

"ఏటవ్వా ఆ పేరు?"

"నాను వంటింట్లో ఉన్నాను, ఇన్నేదు. ఆయన పోయి నాలుగేళ్లయింది." నా చెయ్యి పట్టుకుంది. "నీకు సెప్పనేదా?"

నాన్న చెప్పబోయాడు. ఒక సాయంత్రం ఫోన్ చేసి, "పాపా, తెలుక్ ఇంటాన్ ఎల్లొచ్చినాను, నీకో మాట సెప్పాలి," అన్నాడు. మీటింగ్‌లో ఉన్నాను, తర్వాత చేస్తానన్నాను. చెయ్యలేదు. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

రాత్రి ఏడున్నరకి క్లాంగ్‌లో నాన్న ఇంటికి చేరి అలమర, బైబిలు, చొక్కా జేబులు అన్నీ వెతికాను. కాగితం లేదు. నాన్న మంచం మీంచి చూస్తూ, "ఏటి పోయిందమ్మా?" అన్నాడు. అన్నం కలిపి తినిపించాను.

నువ్వు చెబుతానంటే నేనే వినలేదు నాన్నా, అన్నది తప్ప ఇప్పుడు నా దగ్గర వేరే జవాబు లేదు. అది ఆయనకి చెప్పలేను. చెప్పినా గుర్తుండదు.

ఇలాంటి పని మీద బయల్దేరేవాళ్లు టికెట్ కొనేముందు ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లకి తెలిసిన పేర్లన్నీ వాళ్ల గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ తర్వాత ప్రయాణం అవసరమే లేకపోవచ్చు.