ఎస్కొలాస్తికా కలిపిన సిరా

ఎస్కొలాస్తికా ప్రతి ఉదయం రెండు కలాలు కడుగుతుంది. ఒకటి ఎర్ర సిరాకు, ఒకటి నీలం సిరాకు. పొరపాటున కూడా రెండింటినీ ఒకే గుడ్డతో తుడవదు.

శాంతందేర్ కొండల్లో యుద్ధం మొదలై రెండేళ్లు కావస్తోంది. తిరగబడిన ఉదారవాదులది ఎరుపు, ప్రభుత్వానిది నీలం. మా ఊరు ఇప్పటికి తొమ్మిదిసార్లు చేతులు మారింది. బడిపంతులైన భర్త పోయాక ఎస్కొలాస్తికా సంతలో బల్ల వేసుకుని, సైనికుల తల్లులకు ఉత్తరాలు రాసిపెడుతోంది. శిబిరాల్లో ఉత్తరాలు తనిఖీ చేసేవాళ్లలో చాలామందికి చదువు రాదు. రంగు చూస్తారు. తమ రంగైతే ఇచ్చేస్తారు. అవతలి రంగైతే ఉత్తరం ఎవరి పేరిట వచ్చిందో వాణ్ని గోడకు నిలబెట్టి కాలుస్తారు. నల్ల సిరా అయితే గూఢచారి పనేనని ఇద్దరికీ అనుమానం.

జూన్ రెండోవారంలో కుస్తోదియా వచ్చి బల్ల ముందు కూలబడింది.

"మా లిబోరియోకి రాయాలి వదినా."

"ఏ రంగు?"

"అదే తెలీదు. మార్చిలో ఎర్రోళ్లు పట్టుకుపోయారు. మేలో నీలపోళ్లు వాణ్ని పట్టుకుని తమ టోపీ పెట్టారంట. మొన్న మళ్లీ ఎర్రోళ్లు గెలిచారంటున్నారు."

"తెలిసేదాకా ఆగరాదూ?"

"ఎక్కడాగను! వాడికి మాటిచ్చిన నియేవెస్ ఆగనంటోంది. వాడి నుంచి ఏ కబురూ రాకపోతే ఈ ఇరవై నాలుగున, సెయింట్ జాన్ పండగ నాడు, చర్చి గంట కొట్టేవాణ్ని చేసుకుంటుందట."

ఉత్తరాలు మోసే కంచరగాడిదల అబుందియో పక్కనే ఉన్నాడు. "రెండు రంగుల్లోనూ రాసివ్వమ్మా, ఎక్కడుంటే అక్కడిది తీస్తా."

"సోదా చేస్తే?"

"చేస్తే ఎర్రోళ్లైనా నీలపోళ్లైనా నన్ను ఉరేస్తారు," అని మెడ తడుముకున్నాడు. "వద్దులే. నాకున్నది ఒకటే."

ఎస్కొలాస్తికా బెల్లం నీళ్లు తాగడం ముగించి, ఎర్ర సిరాను నీలం బుడ్డిలో వంపింది. ఊదారంగు వచ్చింది. బిషప్పు అంగీ రంగు.

"చంపావు! బిషప్పు పేరెత్తితే ఎర్రోళ్లు ఉమ్ముతారు," అన్నాడు అబుందియో.

"ఉమ్మనీ. ఒక్కొక్కడి చొక్కా లోపల వాళ్లమ్మ కుట్టిచ్చిన మేరీమాత బొమ్మ ఉంది. అందులో సగం కుట్లు నావే."

లిబోరియో ఎర్ర శిబిరంలోనే దొరికాడు. అక్కడి కర్నల్ ఊదా అక్షరాలు చూసి, "బిషప్పులు నశించాలి!" అని గట్టిగా అరిచాడు. తర్వాత టోపీ తీశాడు. అందర్నీ నిలబెట్టి, మందులిచ్చేవాడి చేత చదివించాడు.

"ఒరే లిబోరియో, పండగ నాడు నియేవెస్ గంట కొట్టేవాణ్ని చేసుకుంటోంది. బతికుంటే కబురు పంపు. అమ్మ."

బిషప్పు తనను తాను అమ్మ అని ఎందుకన్నాడో కర్నల్ అడగలేదు.

"మనవాడి పిల్లను గంట కొట్టేవాడు ఎగరేసుకుపోతాడా? నేను బతికుండగానే?"

ఆరు రోజుల సెలవిచ్చి, పన్నెండుమంది తుపాకీవాళ్లను తోడిచ్చి పంపాడు.

ఇరవై మూడో తేదీకి వాళ్లు ఊరి వంతెన దగ్గరికొచ్చారు. ఊరు అప్పుడు నీలం సైన్యం చేతిలో ఉంది. కాపలావాళ్లు గురిపెట్టారు. లిబోరియో ఊదా కాగితం పైకెత్తాడు. కాపలావాళ్లు తుపాకులు దించి, మోకాళ్ల మీద కూర్చున్నారు.

లిబోరియో పెళ్లి మర్నాడే అయింది. గంట కొట్టాల్సినవాడే కొట్టాడు, కాస్త ఆలస్యంగా.

తర్వాతి సంత రోజున ఎస్కొలాస్తికా బల్ల ముందు నలభై ఒక్కమంది తల్లులు వరుస కట్టారు. అందరూ ఊదాయే అడిగారు. ఎర్ర సిరా పావు బుడ్డి మిగిలి ఉంది.