నార్మల్ రిపోర్టుకు కలాకండ్

నారాయణగూడ ఎక్స్‌రే సెంటర్‌లో చొక్కా విప్పి ఛాతీని పలకకు ఆనించగానే ఒళ్ళు ఝల్లుమంటుంది. ఏటా చెకప్‌కు వెళ్ళి ఆ చల్లదనం తగిలినప్పుడల్లా నాకు సుగుణ డాక్టరమ్మ గుర్తొస్తారు. ఆమె చేసిన అవమానమూ గుర్తొస్తుంది. రెండూ విడివిడిగా రావు.

చిక్కడపల్లి సందులో ఆమె క్లినిక్. టోకెన్లు వరస తప్పి పిలుస్తున్నారని ఒకసారి ఆమె మీదే ఫిర్యాదు చేసినవాణ్ణి కనుక నా సంగతి ఆమెకు తెలుసు. ఎంతకూ తగ్గని దగ్గుతో వెళితే, హాలంతటికీ వినబడేట్టు అడిగారు.

"సిగరెట్లు ఎన్ని తాగుతరు సారూ?"

"మానేసి శానా ఏండ్లయింది మేడమ్."

"మీరు మానేసిండ్రు గానీ, ఊపిరితిత్తులు మీలాంటియే సారూ, ఏదీ మర్చిపోవు."

హాలంతా నవ్వింది. నవ్విన వాళ్ళలో మా అశోక్‌నగర్ కిరాణా కొట్టు యాదగిరి కూడా ఉన్నాడు. ఆ రోజు నుంచి అతని దగ్గర ఉప్పు కూడా కొనలేదు.

ఆమె రాసిచ్చిన ఎక్స్‌రే నార్మల్ అని వచ్చింది. గెలిచినవాడిలా కలాకండ్ డబ్బా కొనుక్కెళ్ళి, క్లినిక్ హాల్లో అందరికీ పంచి, చివరికి ఆమె ముందు పెట్టాను. ఆమె తీరిగ్గా ఒక ముక్క తిన్నారు.

"మంచిగున్నది. దగ్గు పోయిందా?"

"పోలే. రిపోర్టుల నార్మల్ అని రాసిండ్రు గదా!"

"ఎక్స్‌రేల అన్నీ కనబడవు సారూ. కొన్ని గుండె చాటున దాక్కుంటయ్. మీ ఇంటి పక్క హాస్టలోళ్ళ మోటరు మోత మీద అర్జీ పెడితే ఆఫీసరు తిప్పి పంపిండని ఊకున్నరా? మళ్ళ పెట్టలేదా? ఇప్పుడు మీ ఛాతీ అర్జీ పెడుతుంటే, మీరే ఆ ఆఫీసరు లెక్క తిప్పి పంపుతున్నరు. సీటీ స్కాన్ తీయించుండ్రి."

"ఏం లేకపోతే?"

"శానా మందికి ఏం ఉండదు. అప్పుడు నా మీద ఇంకో కంప్లైంట్ పెట్టుకోండ్రి."

ఆ ఆశతోనే వెళ్ళాను. దారి పొడవునా ఆ ఫిర్యాదును వాక్యం వాక్యంగా మనసులో రాసుకున్నాను. స్కాన్‌లో గుండె వెనక చిన్న మచ్చ కనబడింది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ అన్నారు. తొందరగా దొరికింది కనుక ఆపరేషన్‌తో బయటపడ్డాను. అంత బాగా కుదిరిన ఫిర్యాదు మాత్రం వృథా అయిపోయింది. డాక్టరమ్మ ఆసుపత్రికి కలాకండ్ పట్టుకొచ్చి, నా మంచం పక్కన కూర్చుని, "ఇగ ఇప్పుడు తినుండ్రి" అన్నారు. ముందు తానే ఒకటి తీసుకున్నారు.

నిరుడు ఆమె పోయారు. హాల్లో నన్ను నవ్వులపాలు చేసినందుకు ఇప్పటికీ క్షమించలేదు. క్షమించమని ఆమె కూడా ఎన్నడూ అడగలేదు.

మొన్న నా ఎక్స్‌రే అయ్యాక చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి హాల్లో కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒకాయన ఫోన్‌లో భార్యతో, "నార్మలే! మిఠాయి తెస్తున్న" అంటున్నాడు. ఆ రెండు మాటల మధ్య దగ్గాడు.

"అన్నా, దగ్గు పోయిందా?" అన్నాను.

"నీకెందుకయ్యా? అడగనీకి నువ్వెవరు?"

"పోకుంటే మళ్ళ డాక్టరు దగ్గరికి పో. రిపోర్టు చూసి ఊకోకు."

హాలంతా మావైపు తిరిగింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు. నా మీద ఫిర్యాదు చేస్తానంటూ కౌంటర్ దగ్గరికి వెళ్ళి, నా పేరేమిటని గద్దించాడు. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఆయన నన్ను మర్చిపోకూడదు.