మా అక్క ఊరికి నీళ్లెక్కిన లెక్క

మా తమ్ముడి కొడుకు షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీలో ఇనుప ట్యాంకులు డిజైను చేసే పనిలో ఉన్నాడు. మొన్న ఆదివారం నల్గొండకు వచ్చి, భోజనమయ్యాక ఫోనులో ఒక రంగురంగుల బొమ్మ చూపించాడు. ట్యాంకులో ఒత్తిడి పెరిగితే రేకు ఎక్కడ వంగుతుందో కంప్యూటరు ముందే చెప్పిందట, తర్వాత నిజం ట్యాంకు మీద పరీక్ష పెడితే అచ్చం అక్కడే, అంతే వంగిందట. "మొత్తం సరిపోయిందత్తా" అని వాడు మురిసిపోతుంటే నేను కూడా మురవాలి కదా, ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చేసిందీ అలాంటి పనే కదా, కానీ లోపల ఏమీ కదల్లేదు. మంచిదిరా అని వాడి ముందుకు మురుకుల గిన్నె జరిపాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మనం చదువుకున్న రోజుల్లో లెక్కంటే చేత్తో చేసేది, లాగరిథం పట్టిక పక్కన పెట్టుకుని, పెన్సిలు కొస కొరుకుతూ, పైపులో నీళ్లు ఇంత దూరం పోతే ఒత్తిడి ఎంత తగ్గుతుందో ఒక్కొక్క ముక్కకూ కట్టుకుంటూ పోవడం. తప్పు దొర్లితే మళ్లీ మొదటి నుంచి రావలసిందే, అందుకే కాబోలు చివరికి వచ్చిన జవాబు మీద ఒక మమకారం ఉండేది. కంప్యూటరు వచ్చాక ఆ కష్టం పోయి అనుమానం మిగిలింది. అది ఏది అడిగినా జవాబిస్తుంది, తెలియదని మాత్రం అనదు. మా అవ్వ కూడా అంతే, బాటసారులు ఏ ఊరికి దారి అడిగినా చెయ్యెత్తి చూపించేది, తను పుట్టి బుద్ధెరిగి పోని ఊరికి సైతం.

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు, నేను ఇక రిటైరవుతాననగా, మా ప్రైవేటు డిజైను ఆఫీసు చిట్యాలలో ఒక మేడ కిరాయికి తీసుకుని, చుట్టుపక్కల కొన్ని ఊళ్లకు కొత్తగా వేసిన తాగునీటి లైను లెక్కలు మా జట్టుకు అప్పగించింది. ఒక ఊరు మిట్టన ఉంటుంది, ఒకటి పల్లాన ఉంటుంది. ఏ ఊరికి నీళ్లు వాటంతటవే ఎక్కుతాయో, ఏ ఊరికి మధ్యలో సంపు కట్టి పంపు పెడితే తప్ప ఎక్కవో తేల్చడం మా పని. లైను చిట్టచివర, అన్నిటికంటే మిట్టన ఉన్నది మా అక్కను ఇచ్చిన ఊరు. అక్కడి బోరు నీళ్ల సంగతి మన జిల్లా వాళ్లకు నేను వేరే చెప్పాలా, ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి మా బావ నడుము అప్పటికే వంగిపోయింది, అక్కకు మోకాళ్లు పట్టేయడం మొదలైంది. మా లెక్కలో పంపు కావాలని తేలితే పెడతారు, అక్కర్లేదని తేలితే పెట్టరు. అక్క ఇంటికి మంచి నీళ్లు రావడం, రాకపోవడం ఆ లెక్క మీద ఆధారపడి ఉంది.

పైపులన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది మా దగ్గర కొత్తగా చేరిన ఒక అమ్మాయి, చురుకైన పిల్ల. ఊళ్లలో గేజీ పెట్టి చూసిన ఒత్తిడికి, తెర మీద కనిపించే అంకెకు తేడా వస్తే, పైపు లోపలి గరుకును కొంచెం పెంచో తగ్గించో రెండూ కలిసేట్టు చేసేది. అది తప్పు కాదు, అందరూ చేసేదే. మా పెద్దసారుకు మాత్రం అంతటితో తృప్తి ఉండేది కాదు. ఆయన పాలమూరు మనిషి, కోపం ముక్కు మీదే ఉండేది, ఇంగ్లీషులో మొదలుపెట్టిన మాట కూడా కోపమొస్తే పాలమూరు యాసలో పూర్తి చేసేవారు. "చూసినంక చెప్పుడు ఎవలకైన వస్తది, చూడకముందు చెప్పుర్రి, అప్పుడు నమ్ముత" అనేవారు. అంటే ఇంతవరకూ గేజీ పెట్టని ఊరు ఒకటి ఎంచుకుని, అక్కడ ఎంత ఒత్తిడి ఉంటుందో అందరి ముందూ ముందే చెప్పి, ఆ తర్వాత పోయి చూడాలి. ఇప్పటికీ అంతకు మించిన పద్ధతి నాకు తెలియదు.

ఆ పరీక్షకు సారు ఎంచుకున్నది మా అక్క ఊరినే. లెక్క లైను చివర నిలబడితే ఇక ఎక్కడైనా నిలబడుతుందన్నారు. పొద్దున నీళ్లొచ్చే వేళకు వస్తాం, మీరు రోజూ ఎట్లా పట్టుకుంటారో అట్లాగే పట్టుకోండి, మా కోసం ఏదీ మార్చవద్దు అని ఊరికి కబురు పంపాం. అది చాలదన్నట్టు నేను అక్కకు ఫోను చేసి మరీ చెప్పాను. మా లెక్క అక్కడ సరిపోవాలక్కా, అది సరిపోతేనే నమ్ముతారని కూడా అన్నాను. "గట్లనే తియ్, నువ్వేం ఫికర్ జెయ్యకు" అంది.

మేం వెళ్లేసరికి ఊరి పైవాడలో ఆడవాళ్లు బిందెలు వరస పెట్టుకుని ఉన్నారు. నల్లా వచ్చిందంటే చాలు, నిన్నటి నీళ్లు పాతబడ్డాయని బిందెల్లోవి వాకిట్లో పారబోసి మళ్లీ నింపుకోవడం మా వైపు అలవాటు, ఆ వేళ కూడా అలాగే పారబోశారు, నింపుకున్నారు. అక్క ఇంటి ముందు నల్లాకు గేజీ బిగించాం. ముల్లు లేచి, కాసేపు వణికి, ఆ అమ్మాయి ముందే చెప్పిన అంకె దగ్గర నిలబడింది. సారు వంగి చూశారు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు, ఈ లెక్క మీద నాకు గురి కుదిరిందమ్మా అన్నారు. ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదాయన. అక్క మా అందరికీ చాయ పోసింది, మా చెల్లె ఇంజనీరని పక్కింటి వాళ్లకు మళ్లీ కొత్తగా పరిచయం చేసింది. ఆ రోజు నాకున్నంత గర్వం నా పెళ్లినాడు కూడా లేదు. ఆ ఒత్తిడికి నీళ్లు వాటంతటవే ఎక్కుతాయి, పంపు అక్కర్లేదని రాసిచ్చాం.

తర్వాత నేను రిటైరై నల్గొండలో ఉండిపోయాను. ఎప్పుడు ఫోను చేసినా నీళ్లొస్తున్నాయా అక్కా అని అడిగేదాన్ని, వస్తున్నయి అనేది. ఎప్పుడు వెళ్లినా ఇత్తడి చెంబుతో చల్లటి నీళ్లిచ్చేది, అవి తియ్యగా ఉండేవి, మా లైను నీళ్లే అనుకుని ఇంకో చెంబు అడిగి తాగేదాన్ని.

పోయిన ఎండాకాలం మోకాళ్లు చూపించుకోవడానికి అక్క మా ఇంటికి వచ్చింది. దవాఖానలో డాక్టరు ఎక్సరే చూసి, ఎన్నాళ్లుగా ఈ బోరు నీళ్లు తాగుతున్నవమ్మా అని అడిగాడు. ఇప్పుడు బోరు నీళ్లు తాగట్లేదు సార్, ఎప్పుడో మానేసిందని నేను అడ్డుపడి చెబుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంటికొచ్చాక మంచం మీద కాళ్లు చాపుకుని, ఎవరో పక్కింటి వాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది. "మీరొచ్చిన్నాడు కిందివాడోళ్లందరికి ఇల్లిల్లు తిరిగి చెప్పిన, గా పొద్దు జర మోటర్లు బందువెట్టుండ్రి, మా చెల్లె లెక్క సరిపోవాల్నట అని. అందరు ఇన్నరు పాపం, ఒక్కలు గూడ కాదనలే."

మా ఊళ్లలో నల్లాకు మోటరు బిగించి నీళ్లు గుంజుకోవడం అందరికీ తెలిసిన రహస్యమే. కిందివాడ మోటర్లు నడిస్తే పైవాడకు చుక్క ఎక్కదు, అవి ఆగితే పైపులో ఒత్తిడి పెరుగుతుంది. ఈ మోటర్లను కలుపుకోని మా కంప్యూటరు లెక్క అసలు ఉండవలసిన దానికన్నా ఆశగా ఉంది, ఆ పొద్దు ఊరు కూడా ఉండవలసిన దానికన్నా మంచిగా ఉంది, రెండు తప్పులూ వచ్చి ఒకే అంకె దగ్గర కలుసుకున్నాయి. మర్నాటి నుంచి మోటర్లు మామూలే, పైవాడకు నీళ్లెక్కలేదు. ఊరివాళ్లు నీళ్ల ఆఫీసుకు పోయి అడిగితే, అది పరీక్ష పెట్టి చూసిన లెక్క, తప్పయ్యే ప్రశ్నే లేదని పంపేశారట. మోటర్లు ఆపామని చెప్పుకోవాలంటే మోటర్లున్నాయని ఒప్పుకోవాలి, అది వాళ్లవల్ల కాలేదు. నేనొస్తున్నానని తెలిసినప్పుడల్లా అక్క కిందివాడ నుంచి బిందె మోయించి ఆ నీళ్లు నాకిచ్చేది, తను మాత్రం బోరు నీళ్లే తాగింది.

నాకెందుకు చెప్పలేదక్కా అన్నాను. "నీ లెక్క తప్పని పదిమందిల అనిపియ్యబుద్ధి గాలే చెల్లె" అంది. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే వెళ్లి దించి, రెండు గ్లాసుల్లో పోసి తెచ్చాను, ఇద్దరం తాగాం. ఆ రోజు మొదలు నాలో ఏదో మొద్దుబారింది, ఇప్పటికీ అలాగే ఉంది.

ఇప్పుడు కాలం మారింది. పైపులకు మీటర్లు తగిలించారు, అవి పగలూ రాత్రీ తమంతట తామే ఒత్తిడి ఎంతుందో ఫోనుకు పంపుతాయట, ఎవరూ గేజీ పట్టుకుని ఊరికి పోనక్కర్లేదు, ఎవరొస్తున్నారో ఊరికి తెలిసే పని లేదు, ఎవరి మీదా ప్రేమతో ఎవరూ మోటర్లు ఆపరు. లెక్కకు అది మంచిదే, నేను కాదనను. ఆ మీటర్లు చెప్పబట్టే ఎవరో కొత్త ఇంజనీర్లు మా అక్క ఊరి కింద సంపు కట్టి పంపు పెట్టారు, పైవాడకు నీళ్లెక్కుతున్నాయి. అక్క మాత్రం నల్లా దాకా నడవలేదు, కోడలు మంచం దగ్గరికే తెచ్చిస్తుంది. నేను వెళ్లినప్పుడు నీళ్లొస్తున్నాయా అక్కా అని అడగడం మానేశాను. చెప్పులు విప్పి, ఆమెను పలకరించే ముందే, వాకిట్లోకి పోయి నల్లా తిప్పి చూస్తాను.